గడప దాటని గ్రహణం

"నీకు నెల తప్పింది కదే?" అని అత్త మరిడమ్మ అడగడం, నూకరత్నం చేతిలోని ఉల్లిపాయ చేతిలోనే ఉండిపోవడం. పోయిన వారం వీళ్ళని అక్కడ వదిలాం. ఆ ఉల్లిపాయ ఇంకా తరగలేదు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. నూకరత్నం మొగుడు పరదేశి అనకాపల్లిలో పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. కింద స్టూడియో, పైన రెండు గదుల్లో కాపురం. ఆషాఢం కాబట్టి ముహూర్తాలు లేవు, కెమెరాకి పని లేదు. సరిగ్గా ఇప్పుడే విశాఖపట్నంలో గ్రహణాలంటే పడిచచ్చేవాళ్ళ సంఘమొకటి, ఈ అమావాస్యకి వచ్చే సంపూర్ణ సూర్యగ్రహణం కోసం ఈజిప్టు దేశంలో లక్సర్ అనే ఊరికి బయల్దేరుతోంది. మన దగ్గర సూర్యుడి అంచు ఓ ముక్క కొరికినట్టు కనపడితే గొప్ప, అదీ మబ్బులు దయతలిస్తే. అక్కడ మిట్టమధ్యాహ్నం చీకటి పడుతుందట. ఈ రోజుల్లో అక్కడి ఆకాశంలో మబ్బుతునక వెతికినా దొరకదట. ఫొటోలు తియ్యడానికి పరదేశిని వెంట తీసుకెళ్తున్నారు. రేపు సాయంత్రమే ప్రయాణం.

నెల తప్పిన సంగతి నూకరత్నం ఎవరికీ చెప్పలేదు. చెబితే పరదేశి సర్దిన పెట్టె విప్పేస్తాడు. ఎందుకంటే అతను గ్రహణం మొర్రితో పుట్టినవాడు. చిన్నప్పుడే కుట్లు వేశారు. మచ్చ మాత్రం మీసం కింద ఇప్పటికీ ఉంది.

"లేదత్తా," అంది నూకరత్నం, ఉల్లిపాయకేసి చూస్తూ.

"లేదూ?" మరిడమ్మ చింతపండు పిసుకుతూ తలెత్తలేదు. "మొన్న అడిగేవు, గ్రహణం మనకీ కనపడతాదా అత్తా అని. సరే, మొగుడు ఎల్తన్నాడు కదా, దాని గురించే అనుకున్నాను. నిన్న మల్లీ అడిగేవు, ఎన్నింటికి పడతాది, ఎన్నింటికి ఇడుస్తాది అని. గ్రహణం ఎప్పుడు ఇడుస్తాదని రెండోసారి అడిగే ఆడది ఒకత్తే ఉంటాది పిల్లా."

నూకరత్నం నోరు తెరిచింది. ఇంతలో డాబా మీద నుంచి కేక.

"రత్నాలూ! పైకి రా, ఓసారి గ్రహణం కేకలేద్దువుగాని!"

"వత్తన్నా మావా!" అంటూ ఉల్లిపాయ గిన్నెలో పడేసి మెట్లెక్కింది. అత్త చూపు వీపు మీద అతుక్కున్నట్టే ఉంది. రోజూ రెండేసి మెట్లు ఎక్కే మనిషి ఇవాళ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కింది. ఆ సంగతి సగం మెట్లెక్కాక గుర్తొచ్చి, గబుక్కున గోడ వదిలేసింది.

డాబా మీద మూడుకాళ్ళ స్టాండు, దాని మీద చేయి పొడవు లెన్సు, లెన్సు మొహానికి వెండిరంగు ఫిల్టరు. పైన ఆకాశమంతా తడిపిన దుప్పటి కప్పినట్టు మబ్బు. వారం రోజులుగా ఇదే వరస. ఒక్కసారైనా నిజం సూర్యుడి మీద లెన్సు సరిచూసుకోకుండా వెళ్ళడం పరదేశికి ఇష్టం లేదు. పొద్దున్న రోలుగుంట నుంచి బావమరిది అయ్యప్ప ఫోన్ చేసి, "బావా, ఇక్కడ ఎండ ఫెళ్ళున కాస్తంది, రా" అంటే బండేసుకుని పరిగెత్తాడు. వెళ్ళేసరికి అక్కడా మబ్బే. "నువ్వు బయల్దేరేవని ఆడికి తెలిసిపోయినట్టుంది బావా, ఇప్పుడే లోపలికెల్లేడు" అన్నాడట అయ్యప్ప. తిరుగు దారిలో వానలో తడిసి, ముక్కు చీదుకుంటూ ఇంటికొచ్చాడు.

"హాసినీ! పిట్టగోడ దగ్గరికి పోకని ఎన్నిసార్లు సెప్పేనే!" నూకరత్నం ముందు కూతుర్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"నేను సెంద్రుడ్నమ్మా," అంది నాలుగేళ్ళ హాసిని, చేతిలో స్టీలు పళ్ళెం చూపిస్తూ. "అటుకేసి నుంచి రావాల నేను."

సంగతేమిటంటే, బట్టలారేసే గెడకి ఓ బల్బు కట్టారు. హాసిని పళ్ళెంతో దాన్ని మెల్లగా మూస్తుంది. పూర్తిగా మూసుకోగానే నూకరత్నం "పోయేడు!" అని అరవాలి. ఆ కేకకి పరదేశి కెమెరా కదలకుండా ఫిల్టరు తీసి, టకటకా ఫొటోలు తియ్యాలి. బల్బు మళ్ళీ తొంగి చూడగానే ఆమె "వచ్చేడు!" అంటుంది. వెంటనే ఫిల్టరు పెట్టెయ్యాలి. పెట్టకపోతే కెమెరా మాడిపోతుంది.

"పోయేడు!"

పరదేశి వేళ్ళు ఫిల్టరు లాగాయి. స్టాండు కొంచెం వణికింది.

"కదిలింది," అంది నూకరత్నం.

"కదల్లేదు."

"కదిలింది మావా, నేను సూసేను."

"కదిల్తే కదిలిందిలే, మల్లీ సేద్దాం."

"అక్కడ మల్లీ సేత్తారేటి?"

పరదేశి నవ్వాడు. "అదే కదా నా బెంగ. జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు ఎవడో అడ్డొచ్చేడనుకో. పంతులుగారూ, పిల్లడి సెయ్యి మల్లీ ఓసారి ఎట్టించండి, ఇటు తిరగండి, నవ్వండి అంటాం. సూరీడ్ని ఇటు తిరగమనగలమేటి?"

నవ్వినప్పుడు అతని చూపుడువేలు మీసం కిందకి పోతుంది. ఆ మచ్చని ఓసారి తడిమి వస్తుంది. సంతోషమైనప్పుడల్లా అంతే. పెళ్ళిచూపుల్లోనూ అంతే చేశాడు. మిగతా పెళ్ళికొడుకులైతే దాచుకునేది, అతను తనే వేలు పెట్టి చూపించాడు. "నేను కడుపులో ఉండగా మా యమ్మ గ్రహణంలో బయటికెల్లి సూరీడ్ని సూసిందండి. ఊరంతా తలుపులేసుకుంటే మా యమ్మ ఒకత్తే సూసింది. ఇది ఆయన ఎట్టిన ముద్దు." ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలోకి వచ్చిన వెలుగు చూసి నూకరత్నం సరేనంది. ఇంటర్ సగంలో మానిపించారన్న ఏడుపు కూడా ఆ వేళకి మర్చిపోయింది.

"అమ్మ సూసింది ఓ ముక్కే రత్నాలూ," అన్నాడిప్పుడు, ఫిల్టరు తుడుస్తూ. "నేను మొత్తం తెత్తాను. పెద్ద ఫ్రేము కట్టించి, అమ్మ మంచానికెదురుగా గోడకి ఎడతాను. ఇదేనా అమ్మా నువ్వు సూసింది అని అడగాల. అప్పుడు ఆవిడ మొగం సూడాల నేను. దానికే ఎల్తన్నాను, నిజం సెప్తే."

నూకరత్నం పళ్ళెం పక్కన నిలబడి తల ఊపింది. ఇంత ధైర్యంగా మాట్లాడే మనిషే, హాసిని కడుపులో ఉన్నప్పుడు స్కానింగు గది బయట గోడకి ఆనుకుని చెమటలు కక్కేవాడు. డాక్టరమ్మ బయటికి రాగానే "పిల్ల ఎలాగుంది" అని అడిగేవాడు కాదు, "పెదాలెలాగున్నాయండి" అని అడిగేవాడు. తనకి ముద్దు అయింది బిడ్డకి కాకూడదు. ఇప్పుడు సంగతి చెప్పామా, గ్రహణం కిందకి అతను ససేమిరా వెళ్ళడు. ఇక్కడే, ఆమె మంచం పక్కన, తలుపులు మూసి కూర్చుంటాడు. బతుకంతా ఆ వెలితి మోస్తాడు.

"కిందకెల్తాను. పొయ్యి మీద కూరుంది," అంది.

కూర లేదు. పొయ్యి వెలగడం లేదు. వంటగది గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని మరిడమ్మ కూర్చుంది.

"కూకో."

నూకరత్నం ఎదురుగా నేల మీద కూర్చుంది. పరీక్ష ఫెయిలైన పిల్లలా చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"మావకి సెప్పకత్తా. ఎల్లొచ్చేక నేనే సెప్తాను. వారమే కదా."

"ఇలాటిది మొగుడికి దాత్తారేటే?"

"సెప్తే ఎల్తాడేటి? నీ కొడుకు సంగతి నీకు తెలీదా? ఇంత దూరం వచ్చి, నా వల్ల ఆగిపోతే..." కొంగు వేలికి మరో చుట్టు చుట్టింది. "నీకేటి భయమో నాకు తెలుసు. ఆ రోజు నేను బయటికి రాను. కత్తి ముట్టను, సూది ముట్టను. మనకి కనపడేది ఓ ముక్కయినా సరే, మొత్తం అయినట్టే తలుపేసుకుని తొంగుంటాను. నువ్వు దాటినట్టు నేను గడప దాటను. సాలా?"

అనేసింది. అన్నాక గాని తెలియలేదు, ఏమన్నదో. ఏడేళ్ళ కాపురంలో అత్తని ఆ మాట ఎన్నడూ అనలేదు. ఊరంతా అన్న మాట అది. ఈ ఇంట్లో మాత్రం వినపడని మాట.

మరిడమ్మ కోప్పడలేదు. చింతపండు అంటిన చేతిని కొంగుకి తుడుచుకుంది, వేలు వేలు విడదీసి.

"నేనూ దాటలేదే," అంది.

"ఏటత్తా?"

"గడప. నేను దాటలేదు."

పైన హాసిని "వచ్చేడు! వచ్చేడు!" అని తల్లి బదులు తనే అరుస్తోంది.

"దీపావళి అమావాస్య అది. నాతవరం దగ్గర మా ఊల్లో. పొద్దున్నే గ్రహణం. తెల్లారకముందే మా అత్త సిన్నమ్మలు నన్ను లోపలి గదిలో తొంగోబెట్టింది. కిటికీకి గోనె సంచులు కట్టింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కింది. కాలు ముడవకు, సెయ్యి ముడవకు, గోక్కోకు అంది. గండుసీమ ఒకటి వచ్చి మడం మీద కుట్టింది. కుట్టినంతసేపు కుట్టి దాని దారిన అది పోయింది. నేను కదల్లేదు. ఈదిలో కుర్రోల్లు కొరికేసేడు, కొరికేసేడు అని గంతులేత్తంటే, ఆ గదిలో, ఆ సీకట్లో, నేను కల్లు కూడా మూసుకున్నాను. గోనె సంచికి సిల్లులుండవా? ఆ సిల్లుకేసి కూడా సూడలేదు. నాకు సూరీడూ తెలీదు, సెంద్రుడూ తెలీదు."

"మరి?"

"మరేటి. ఆడు పుట్టేడు."

నూకరత్నం చేయి తెలియకుండానే పొట్ట మీదకి పోయింది.

"ఇది కాలు నిలవని మనిషి, దాటుంటాది అంది మా అత్త. తలుపేసింది ఆవిడే, గుడ్డలు కుక్కింది ఆవిడే. అయినా అంది. నూతికాడ అంది, గానుగకాడ అంది. నేను దాటలేదు మొర్రో అంటే, దాటకపోతే మరెందుకొచ్చిందే అనీవోరు. దానికి నా దగ్గర జవాబేదీ? కొన్నాల్లకి అనడం మానేసేను."

"మావతో మరి, బయటికెల్లి సూసేనని నువ్వే సెప్పేవంట కదా?"

మరిడమ్మ మొహంలో నవ్వులాంటిదేదో మెదిలింది. "బడిలో ఆడ్ని గ్రహణంగాడు అనీవోరు. ఒకనాడు పలక ఇసిరేసి, నేనెల్లనే అమ్మా, నీవల్లే నాకిలాగయ్యింది, ఎందుకెల్లేవు నువ్వు అని ఏడిసేడు. ఎల్లలేదురా అంటే ఆడికేటి లాభం? మూతి బాగవుతాదా? అందుకని అన్నాను, అవున్నానా, ఎల్లేను. సూరీడ్ని నీకు సూపిద్దామని నేనే ఎల్లేను. ఆయన వొంగి నిన్ను ముద్దెట్టుకున్నాడు, ఆ గుర్తే అది అని. ఏడుపు ఆపేసేడు. మర్నాడు బడికెల్లి అందరికీ సెప్పుకున్నాడు. అప్పట్నుంచీ సూరీడంటే ఆడికి మేనమావే అనుకో. ఊరు వేసిన నింద నా కొడుక్కి పనికొచ్చింది కదాని, నేనూ అలాగే ఉంచేసేను."

నూకరత్నానికి ముందు అత్త మీద జాలి కలిగింది. ఆ వెనకే భయం. ఇన్నాళ్ళూ ఆమె ధైర్యమంతా ఆ గదిలోనే ఉంది. తలుపేసుకుని కదలకుండా పడుకుంటే బిడ్డకేం కాదు. చెయ్యడానికి ఒక పని ఉంది, ఎంత కష్టమైనా చేస్తుంది. ఇదిగో, చీమ కుట్టినా కదలని మనిషికి కూడా అలా పుట్టాడంటే, ఇక ఏం చేస్తే బిడ్డ బాగుంటుంది? ఏం పట్టుకోవాలి తను?

"అయితే మరి ఎందుకొచ్చిందత్తా?" అచ్చం ఆ ఊరివాళ్ళు అడిగినట్టే అడిగింది. అడిగి సిగ్గుపడింది.

మరిడమ్మకి కోపం రాలేదు. "కుట్లేసిన డాక్టరమ్మ సెప్పింది, గ్రహణానికి దీనికి ఏ సంబంధం లేదు, నీ తప్పేం లేదమ్మా అని. ఆ ఒక్క మాట కోసం ఆవిడ కాల్లు పట్టుకోబోయేను. మొదట్లోనే వచ్చి సూపించుకుని, మాత్రలవీ ఏసుకుంటే మంచిదని కూడా సెప్పింది. ఆడు బండెక్కగానే నిన్ను ఆసుపత్రికి తీసుకెల్తాను. గదిలో తొంగోడం మాత్రం వొద్దే. ఆ సీకటి నాకు తెలుసు. నువ్వొద్దు."

నూకరత్నం పాక్కుంటూ వెళ్ళి అత్త మోకాలి మీద తల పెట్టేసింది. చింతపండు వాసన వేసే చెయ్యి ఆమె జుట్టు మీద పడింది.

"ఇప్పుడు నా బాద వేరే," అంది మరిడమ్మ. "ఆ పొటో తెచ్చి నా సేతిలో ఎట్టి, ఇదేనా అమ్మా అంటాడు. ఏటనాల నేను? పసోడితో ఆడిన అబద్దం, మీసాలొచ్చినోడితో ఎలాగాడాల? నిజం సెప్తే, నా కోసమేగా ఎల్తన్నాడు, ఇంకెందుకని ఇక్కడే కూలబడతాడు."

"సెప్పకు. నా సంగతి నువ్వు దాయి, నీ సంగతి నేను దాత్తాను. ఎల్లి రానీ."

"దొంగలం ఇద్దరూ దొరికేం ఆడికి," అంది మరిడమ్మ. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

సరిగ్గా అప్పుడు మెట్ల మీద దడదడ చప్పుడు. "దొరికేడు! రత్నాలూ, దొరికేడు!" పరదేశి కెమెరాని పసిపిల్లాడిలా గుండెకి హత్తుకుని ఊడిపడ్డాడు. మబ్బుకి చిన్న చిల్లు పడిందట. ఆ చిల్లులోంచి ఒక్క ఫొటో. తెర మీద, నల్లటి నలుపు మధ్యలో, నారింజరంగు బిళ్ళ. అంచు గీసినట్టుంది.

"ఇంతేనేటి? జాకెట్టు గుండీలా ఉన్నాడు," అంది నూకరత్నం.

"లక్సర్లో సూడాల, ఆ గుండీ చుట్టూ వెలుగు జడలు ఇరబోసుకుంటాది." తల్లివైపు తిరిగాడు. "అమ్మా, సీర మార్సుకో, తొందరగా. చంద్రమౌళి సార్ కింద స్టూడియోకొచ్చేసేరు. నీకు ముందే సెప్తే సిగ్గుపడి ఏ పెరట్లోనో దాక్కుంటావని సెప్పలేదు."

"నాకెందుకురా సీర?"

"నీ కత సార్‌కి సెప్పేను. ఎగిరి గంతేసేరు. నువ్వు కడుపుతో ఉండి గ్రహణం ఎలాగ సూసేవో, నీ నోటితో సెప్తే వీడియో తీసుకుంటారంట. గ్రహణం రోజు అందరికీ సూపిత్తారంట."

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ గ్రహణాల సంఘాన్ని నడిపే చంద్రమౌళి ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. మెట్లెక్కిన ఆయాసంలోనే మరిడమ్మకి రెండు చేతులా దణ్ణం పెట్టాడు. "అమ్మా, ఈ కాలంలో కూడా కడుపుతో ఉన్న ఆడపిల్లల్ని ఆ రోజు గదుల్లో పెట్టి తాళం వేస్తున్నారు. మీలాంటి పెద్దావిడ ధైర్యంగా చెబితే వింటారు. మా మాట ఎవరూ వినరు." ఎంత మర్యాదగా అన్నాడంటే, కాదనడానికి మరిడమ్మకి నోరు రాలేదు.

ముందుగదిలో కుర్చీ వేశారు. పరదేశి తల్లి చీర మడతకి చిన్న మైకు తగిలించాడు. పెళ్ళికూతుళ్ళకి చెప్పినట్టే, "గెడ్డం కొంచెం పైకెత్తమ్మా, ఆఁ, అలాగ" అన్నాడు. వెనక్కి వెళ్ళి కెమెరాకి కన్ను ఆనించాడు. ఎర్ర చుక్క వెలిగింది.

"చెప్పండమ్మా," అన్నాడు చంద్రమౌళి. "ఆ రోజు పొద్దున్న మీరేం చూశారు?"

మరిడమ్మ కెమెరాకేసి చూసింది. కోడలికేసి చూసింది. వొద్దన్నట్టు నూకరత్నం తల అడ్డంగా ఊపింది, కనీకనపడకుండా. అప్పుడు మరిడమ్మ చూపు కోడలి చెయ్యి ఆనిన పొట్ట మీదకి దిగి, అక్కడ కాసేపు ఆగింది.

"బాబూ, ఇది కడుపుతో ఉన్న పిల్లలు సూత్తారా?" అని అడిగింది.

"వాళ్ళ కోసమేనమ్మా."

"అయితే అబద్దం సెప్పకూడదు." మరిడమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "నేనేం సూడలేదు. గదిలో కదలకుండా తొంగున్నాను. అందరూ సెయ్యమన్నవన్నీ సేసేను. అయినా నా కొడుకు అలాగే పుట్టేడు. అంచేత, అది గ్రహణం వల్ల రాలేదమ్మా. తల్లి వల్లా రాలేదు."

పరదేశి కన్ను కెమెరాకి ఆనే ఉంది. అతని భుజాలు మాత్రం రాయిలా బిగిశాయి.

"కన్ను తియ్యి నానా, నాకేసి సూడు," అంది మరిడమ్మ. "నువ్వు ఏడుత్తన్నావని ఆ మాటన్నాను. ముద్దు ఎట్టింది సూరీడు కాదు, నేనే. కుట్లేసిన రాత్రి, ఆసుపత్రిలో, నువ్వు తొంగున్నాక. రేపు నువ్వు ఎల్లాల. నేను సూసేనని కాదు, నేను సూడలేదని. ఎలాగుంటాదో నాకు తెలీదురా. ఎల్లి సూసొచ్చి సెప్పు."

పరదేశి కన్ను తీశాడు. కంటి చుట్టూ కెమెరా అంచు గుండ్రంగా ఎర్రగా అచ్చుపడి ఉంది. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తీసి తన పెదవి మీద పెట్టుకున్నాడు. చంద్రమౌళి మెల్లగా కిటికీ వైపు తిరిగిపోయాడు.

పరదేశి తలెత్తాడు. భార్యకేసి చూశాడు.

"నీకు తెలుసా ఇది?"

"ఇప్పుడే, ఇందాకే సెప్పింది మావా."

"ఇందాక నవ్వుకుంటన్నారు ఇద్దరూ. ఏడుత్తన్నారు కూడా. నేను సూసేను." అతను ఇందాక తల్లి చూపు పోయిన దారినే చూశాడు. నూకరత్నం చెయ్యి ఇంకా పొట్ట మీదే ఉంది. తియ్యాలని తెలుసు. తియ్యలేకపోయింది.

"రత్నాలూ," అన్నాడు పరదేశి. "ఇంకేటైనా ఉందేటి, నాకు తెలీనిది?"